విమియం చాలాకాలం వాడాక: మౌస్ ముట్టకుండా పొడుగాటి థ్రెడ్లు చదవడం

మాదాపూర్‌లో సపోర్ట్ జాబ్ నాది, లాగిన్ అయినప్పట్నుంచి టికెట్ల కింద చాంతాడంత కామెంట్ థ్రెడ్లు చదవడమే పని, అందుకే కొన్నేళ్లుగా, కీబోర్డ్‌తోనే బ్రౌజర్ నడిపించే విమియం ఎక్స్‌టెన్షన్ లేకుండా కూర్చోలేను. ఫ్రీ, ఓపెన్ సోర్స్, క్రోమ్‌కీ ఫైర్‌ఫాక్స్‌కీ ఉంది.

జె కొడితే కిందికి, కె కొడితే పైకి, డి, యు కొడితే సగం పేజీ చొప్పున దిగుతుంది, ఎక్కుతుంది. ఈ అక్షరాలు ఊరికే పెట్టినవి కావు, 1976లో బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్ రాసిన ఏడీఎం-3ఏ అనే పాతకాలపు కంప్యూటర్ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే ఉండేవి, అక్కణ్నుంచి వచ్చిన అలవాటు. సాయంత్రానికి మణికట్టు లాగడం నాకైతే బాగా తగ్గింది.

ఎఫ్ కొడితే స్క్రీన్ మీదున్న ప్రతి లింకు పక్కనా చిన్న అక్షరాలొస్తాయి, అవి కొడితే క్లిక్ చేసినట్టే, మూసి ఉన్న రిప్లైలు కూడా చాలావరకు ఇలాగే తెరుస్తా. కానీ నాకు ప్రాణం మాత్రం మార్క్స్ ఫీచర్. మధ్యలో ఎవరైనా పైన ఎక్కడో ఉన్న కామెంట్ గురించి ఎత్తితే, ఎమ్ కొట్టి ఏ (a) కొడతా, అంతే ఉన్న చోటు గుర్తుపెట్టుకుంటుంది, పైకెళ్లి చదువుకుని బ్యాక్‌టిక్ (`), ఏ (a) కొడితే మళ్లీ అక్కడికే తెచ్చి దింపుతుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లు ఇది తప్పకుండా చూడండి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉంటే జె కీ ర అయిపోతుంది, కె కీ క అయిపోతుంది, షార్ట్‌కట్ పలకదు, రిప్లై రాసిన ప్రతిసారీ విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మారాలంటే చిరాకు రాక ఏం చేస్తుంది. ఆప్షన్స్ పేజీలో కీబోర్డ్ లేఅవుట్‌ని పట్టించుకోవద్దని ఒక టిక్ బాక్స్ ఉంది, అది పెడితే ఏ భాషలో ఉన్నా కీ ఎక్కడుందో అదే చూస్తుంది. నాకు ఈ ఒక్కదానికే ఫైవ్ స్టార్ ఇవ్వాలనిపిస్తుంది.

బ్రౌజర్ సొంత సెట్టింగ్స్ పేజీల్లో పనిచెయ్యదు, అక్కడ మౌసే గతి. సొంత షార్ట్‌కట్లున్న సైట్లతో గొడవ ఉంటుంది, ఏ సైట్‌లో ఏ కీలు వదిలెయ్యాలో రాసిపెట్టుకోవచ్చు. జీమెయిల్‌లో మొదట్నుంచే ఆఫ్‌లో ఉంటుంది, అక్కడ సెట్టింగ్స్‌లో జీమెయిల్ షార్ట్‌కట్లే ఆన్ చేసుకోండి, థ్రెడ్‌లో ఎన్ తర్వాతి మెసేజ్, పి ముందుది.

మా టీంలో చూపులేని ఒకన్న స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ వాడతాడు, అందులో కె అంటే తర్వాతి లింకు, హెచ్ అంటే తర్వాతి హెడ్డింగ్, రెండింటి కీలూ కొట్టుకుంటాయి కాబట్టి ఆయనకి విమియం చెప్పను. ఒక్క అక్షరం షార్ట్‌కట్లు పెట్టే సైట్లు వాటిని ఆపుకునే, మార్చుకునే దారి కూడా ఇవ్వాలని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1లో (వెబ్‌సైట్లు అందరూ వాడుకునేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాలు) ఉంది, సైట్లు కట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆ ఆప్షన్ పెట్టండి.