రాత్రంతా ఆరని నెగడుకు కట్టె: ఏటుకూరు రోడ్డు అడితి

“వంటకా, నీళ్ల కాగుకా, హోమానికా?”

గుంటూరు ఏటుకూరు రోడ్డులోని కట్టెల అడితిలో కాటా దగ్గర కూర్చున్న పెద్దాయన నన్ను అడిగిన మొదటి మాట ఇది. “రాత్రంతా నెగడు ఆరకూడదు బాబాయ్” అన్నాను. ఆయన ముందు వరసలో ఉన్న సరుగుడు వదిలేసి, నన్ను వెనక రేకుల షెడ్డులోకి తీసుకెళ్లాడు. ఎందుకు కావాలో అడిగి కట్టె ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఈ కట్టెల గొడవంతా నాకెందుకంటే, కిందటి డిసెంబర్లో లంబసింగి వైపు కొండల్లో ముగ్గురం దారి తప్పాం. చీకటి పడింది, సిగ్నల్ లేదు. బ్యాగులో ఆన్‌లైన్‌లో కొన్న క్యాంప్‌ఫైర్ కట్టెలు రెండు కట్టలున్నాయి. ఆరు గంటలు మండుతాయని అట్ట మీద రాసుంది. చూడటానికి నున్నగా, ముచ్చటగా ఉన్నాయి కానీ చేతిలో పట్టుకుంటే బరువే లేదు. రెండు గంటల్లో బూడిదయ్యాయి. ఏరుకొచ్చిన చితుకులు భగ్గున మండి అయిపోయాయి. రెండున్నరకల్లా చిన్న నిప్పు కూడా మిగల్లేదు. మంచుకి స్వెట్టర్లు తడిసిపోయాయి. మా తమ్ముడికి మాట ముద్దగా రావడం మొదలైనప్పుడు నాకు పుట్టిన టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. ఒంట్లోకి చలి బాగా దిగితే మాట అలాగే తడబడుతుంది. వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని తెల్లారేదాకా అలాగే ఉన్నాం.

అందుకే నిప్పు నిలబెట్టడం నేర్చుకోవాలనుకున్నాను. మా మామయ్యది ప్రత్తిపాడు దగ్గర మిర్చి కళ్లం. కాయ ఎండినన్నాళ్లూ రాత్రిళ్లు కాపలా పడుకుంటారు, నెగడు వేసుకుంటారు. ఈ ఫిబ్రవరిలో ఒక రాత్రి నేనూ వస్తానని చెప్పి, కట్టె కోసం ఈ అడితికి వెళ్లాను.

వెనక షెడ్డులో ఉన్నది తుమ్మ. పెద్దాయన రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు, ఖంగుమంది. తర్వాత మొన్న వచ్చిన లోడులోవి రెండు తీసి కొట్టాడు, దబ్‌మని మొద్దు చప్పుడు. “ఇది తీసుకుంటే నీళ్లకు డబ్బులిచ్చినట్టే” అన్నాడు. నిజమే కదా, కట్టె అమ్మేది తూకం మీద. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. ఆ నీరు ఆవిరయ్యేదాకా మంట పడే కష్టమంతా దానికే సరిపోతుంది, మనకి మిగిలేది పొగ. ఎండిన ముక్క కొస చూపించాడు. నడిమధ్య నుంచి అంచుదాకా సన్నటి పగుళ్లు, గోటితో గీరితే ఊడొచ్చే బెరడు, లోపల ముదురు ఎరుపులో చేవ. ఆ చేవే రాత్రంతా కణికగా నిలుస్తుందట.

మొత్తం అరవై కిలోలు. నలభై తుమ్మ మొద్దులు, పదిహేను సర్కారు తుమ్మ, రాజేయడానికి అయిదు కిలోల సన్న సరుగుడు. కిలో తొమ్మిది రూపాయలు, అంటే 540. మొద్దులు రెండడుగుల చొప్పున కోయించినందుకు ఇంకో నలభై. సర్కారు తుమ్మ మన దేశానికి 1877లో వచ్చిన పరాయి చెట్టు, ముళ్లకి అందరూ తిట్టుకుంటారు కానీ దాని నిప్పు మాత్రం గట్టిది.

కళ్లంలో గాలి కాయ మీద నుంచి వచ్చే పక్క, టార్పాలిన్ పట్టాలకు దూరంగా నెగడు వేశాం, రవ్వలు కాయ మీదికి పోకుండా. తొమ్మిదింటికి సరుగుడుతో రాజేశాం. బాగా అందుకున్నాక మొద్దుల్ని బండిచక్రం ఆకుల్లాగా, కొసలు మాత్రమే మధ్యలో కలిసేలా పేర్చాడు మామయ్య. “మంట పెద్దది చేస్తే కట్టె తినేస్తుందిరా అల్లుడూ, కొస కాలేకొద్దీ ఎగదోస్తే చాలు” అన్నాడు. పదకొండున్నరకి మధ్యలో కణికలన్నీ కుప్ప చేసి పైన బూడిద కప్పాం. నివురుగప్పిన నిప్పు అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను, కళ్లారా చూసింది ఆ రాత్రే. గాలి తక్కువ తగులుతుంది కాబట్టి కణిక నెమ్మదిగా కాలుతుంది. రెండింటికి ఒక్కసారి లేచి రెండు మొద్దులు ఎగదోశాను. అయిదింటికి బూడిద పక్కకు తీస్తే కింద దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి. నాలుగు పుల్లలు వేసి ఊదితే మూడోసారికి అంటుకుంది. వాడింది నలభై కిలోల లోపే.

అడితిలో లోపాలు లేకపోలేదు. అడక్కపోతే కుర్రాళ్లు ముందు వరసలోదే తూస్తారు, అది సగం పచ్చిది. పెద్దాయన ఉన్నప్పుడే వెళ్లండి, పొద్దున పదిలోపు ఉంటాడు. క్వింటాలు లోపు ఇంటికి పంపరు, ఆటో మనమే మాట్లాడుకోవాలి. షెడ్డు ఒక మూల కారుతుందేమో, అడుగు వరస కట్టెకి బూజు వాసన ఉంది. అది వద్దంటే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. అయిదుకి నాలుగు ఇస్తాను.

ఇంకో రెండు మాటలు. బయట ఏరుకునేటప్పుడు గన్నేరు కట్టె ముట్టుకోవద్దు, దాని పొగ కూడా విషమే. బూడిద కప్పిన నిప్పుని టెంట్‌లోకో గదిలోకో తెచ్చుకుని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం కాబట్టి నేర్చుకోవాలంటే ఇలా సొంత పొలంలోనో, తెలిసినవాళ్ల తోటలోనో నేర్చుకోండి.

మిగిలిన ఇరవై కిలోలు మామయ్య కళ్లంలోనే పట్టా కప్పి ఉంచాడు. వచ్చే శనివారం మా తమ్ముణ్ణి తీసుకెళ్తున్నాను. ఈసారి బూడిద కప్పేది వాడే.