ఇంటి మరమ్మతులు: ఉంటూ చేయించుకోవాలా, ఖాళీ చేసి చేయించాలా?

పాత ఇంటిని బాగుచేయిద్దాం అనుకోగానే మాటలన్నీ టైల్స్, రంగుల చుట్టూ తిరుగుతాయి. ముందుగా తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పని జరిగినన్నాళ్లు అదే ఇంట్లో ఉండాలా, సామాను సర్దుకుని బయటికి వెళ్లాలా?

ఉంటూ చేయించుకుంటే అద్దె మిగులుతుంది. ఒక్కో గదీ చేయించుకుంటూ పోతే డబ్బు కూడా విడతలవారీగా సర్దుకోవచ్చు. వీటికన్నా పెద్ద లాభం, పని మన కళ్లముందే జరగడం. స్విచ్‌బోర్డు తలుపు వెనక్కి వస్తోందని గోడకు గాడి కొట్టకముందే చూసి చెబితే అప్పటికప్పుడు మారుస్తారు. ప్లాస్టరింగ్ అయ్యాక చెబితే మళ్లీ గోడ పగలగొట్టాల్సిందే.

కానీ దుమ్మును తేలిగ్గా తీసుకోవద్దు. టైల్స్ కోసేటప్పుడు, గోడ చెక్కేటప్పుడు లేచే పొడిలో సిలికా ఉంటుంది. ఆ సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుదాకా పోతాయి. తలుపు మూసి, కింద సందులో తడిబట్ట కుక్కినా పక్కగదిలో దిండు మీద తెల్లటి పొర పేరుకుంటుంది. బాగా పాత ఇళ్లలో గీకిన రంగులో సీసం కూడా ఉండొచ్చు. పసిపిల్లలు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే అద్దె లెక్క పక్కన పెట్టేయండి.

ఇల్లు ఖాళీగా ఉంటే పని వరుసలో సాగుతుంది. పగలగొట్టడం, పైపులు, వైరింగ్ అయ్యాక ప్లాస్టరింగ్, ఆ తర్వాత టైల్స్, చెక్కపని, రంగులు. బాత్రూమ్ విషయంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. వాటర్‌ప్రూఫింగ్ పూర్తిగా ఆరాక, టైల్స్ వేసే ముందు నీళ్లు నిలగట్టి కనీసం 24 గంటలు వదిలేసి, కింద ఎక్కడైనా చెమ్మ దిగిందేమో చూడాలి. ఇంట్లో ఉన్నది అదొక్కటే బాత్రూమ్ అయితే అంత ఓపిక ఎవరికుంటుంది? "రేపటికల్లా వాడుకునేలా చేసెయ్యండి" అని మనమే తొందరపెడతాం. సిమెంట్ ప్లాస్టరింగ్‌ను కూడా వారం పాటు తడపాలి, తర్వాత బాగా ఆరనివ్వాలి. ఆ తడి మీదే లప్పం పెట్టి రంగేస్తే పొక్కులు లేస్తాయి.

అద్దె ఇంటికి మారితే టెన్షన్ వేరే రకం. పని సాగేకొద్దీ అద్దె పెరుగుతూనే ఉంటుంది. మేస్త్రీ చెప్పిన గడువుకు ఇంకొంత కలిపే లెక్క వేసుకోండి, రోజూ ఒకసారైనా వెళ్లి చూడండి. గోడలు పూయకముందే పైపులు, వైర్ల పక్కన టేపు పట్టి, కొలత కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు మేకు ఎక్కడ కొట్టకూడదో అవే చెబుతాయి.

నన్నడిగితే, పైపులో వైరింగో మార్చాల్సి వస్తే ఖాళీ చేయడమే మేలు. అల్మరాలు, రంగుల వరకే అయితే ఉండొచ్చు. బడ్జెట్ రెంటికీ మధ్యలో ఉంటే, పగలగొట్టడం మొదలైనప్పటి నుంచి టైల్స్ అయ్యేదాకా మాత్రం బయట ఉండండి. తిరిగొచ్చాక మిగిలిన పని ఒక్కో గదిలో, కిటికీలు తెరిచిపెట్టి చేయించుకోవచ్చు.