మోజ్లీ ఓల్డ్ హాల్: ఇటుక గోడ చాటున ఓక్ ఇల్లు

ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హ్యాంప్టన్ ఊరి చివర, ఎర్ర ఇటుకల పాత రైతు ఇల్లు. ముప్ఫై ఏళ్లు తాపీ పని చేసిన నాన్న గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "ఇది నాలుగొందల ఏళ్ల గోడ కాదురా" అన్నారు. నిజమే. 1600 ప్రాంతంలో ఈ ఇంటిని కట్టింది ఓక్ కలపతో. 1870ల్లో ఆ కలప చుట్టూ ఇటుక గోడ లేపి, కిటికీలు కూడా మార్చారు. బయట నిలబడి ఫొటో తీసుకుని వచ్చేస్తే అసలు ఇల్లు చూడనట్టే.

లోపల ఆ దూలాలు, చెక్క పలకలు అలాగే ఉన్నాయి. 1651 సెప్టెంబరులో వూస్టర్ యుద్ధంలో పార్లమెంటు సైన్యం చేతిలో ఓడిపోయిన రాజు రెండో చార్లెస్, అప్పటికి 21 ఏళ్లవాడు, తెల్లవారకముందే వెనక తలుపులోంచి ఈ ఇంట్లోకి వచ్చాడు. ఆ తలుపు ఇంకా ఉంది. నాన్న దాని మేకులు చూస్తూ చాలాసేపు కదల్లేదు. పైన రాజు పడుకున్న మంచం, దాని పక్క గదిలో నేల చెక్క కింద గొయ్యి లాంటి చోటు చూపిస్తారు. అప్పట్లో నిషేధం ఉన్న క్యాథలిక్ మతగురువులను దాచడానికి చేసినది. సైనికులు వచ్చినప్పుడు ఆరడుగుల పైన ఉన్న ఆ మనిషి అందులో ముడుచుకుని కూర్చున్నాడంటే, తొంగి చూసిన నాకే ఊపిరాడలేదు.

ఈ ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ వాలంటీరు ఓపిగ్గా చెప్పారు. నాన్న కోసం నేను తెలుగులో చెప్పేదాకా ఆగారు కూడా. మెట్లు మాత్రం ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టమే. తోటలో 1640 నాటి నమూనా ప్రకారం కత్తిరించిన పొదల ముగ్గు ఉంది, తొందరపడకుండా చూడండి. టీ, స్కోన్ (బన్ను లాంటిది) బాగున్నాయి. అన్నం తినే అలవాటున్నవాళ్లు డబ్బా తెచ్చుకోవడం మేలు.

బస విషయంలోనే దెబ్బతిన్నాం. ఊళ్లో చవగ్గా దొరికిందని తీసుకున్న గదిలో రాత్రంతా హీటర్ పనిచేయలేదు, అడిగితే పలికే దిక్కు లేదు. పెద్దవాళ్లతో వెళ్తే బర్మింగ్‌హామ్‌లో ఉండి పొద్దున్నే రైల్లో రావడం నయం. స్టేషన్ నుంచి మేం టాక్సీలో వెళ్లాం.

చార్లెస్ ఓక్ చెట్టెక్కి దాక్కున్న బాస్కోబెల్ అనే చోటు కూడా దగ్గరే. అక్కడ ఇప్పుడున్నది ఆ చెట్టు సంతతి. సమయం ఒక్కదానికే ఉంటే మోజ్లీకే వెళ్లండి. తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి ముందు చూసుకుని బయల్దేరండి.