ఊళ్లో ఆశ్రమమా, పేరున్న సంస్థా: విరాళం ఎవరికిస్తే మేలు?

పిల్లల పుట్టినరోజులకీ, పెద్దవాళ్ల తద్దినాలకీ ముందు నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఈ ఏడాది నాన్న సంవత్సరీకానికి నేనూ తేల్చుకోవాల్సి వచ్చింది.

ఊళ్లో ఆశ్రమమైతే వెళ్లి చూసి రావచ్చు. వంటగది ఎలా ఉందో, పిల్లలు రోజూ బడికి వెళ్తున్నారో లేదో తెలుస్తుంది. పది వేలిచ్చినా వాళ్లకి నెల బియ్యం ఖర్చులో ఆసరా అవుతుంది. అయితే మనం వెళ్లిన రోజు చూసిందే మిగతా రోజుల్లోనూ జరుగుతుందని చెప్పలేం. అందుకే ఒక కాగితం తప్పకుండా అడగాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అనాథ పిల్లల్ని ఉంచే ప్రతి హోమూ రిజిస్టర్ కావాలి. ప్రభుత్వ సాయం తీసుకోకపోయినా సరే. ట్రస్టు రిజిస్ట్రేషన్ వేరు, ఇది వేరు. అడిగితే ట్రస్టు డీడ్ చూపించి సరిపెట్టేవాళ్లున్నారు. అనుమానం ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో హోమ్ పేరు చెప్పి కనుక్కోవచ్చు.

పెద్ద సంస్థల్లో ఈ టెన్షన్ తక్కువ. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987 నుంచి పనిచేస్తోంది. డబ్బు లేనివాళ్లకి ఎంత క్లిష్టమైన వైద్యమైనా ఉచితంగా చేస్తుందని మనవాళ్లకి తెలుసు. ఇలాంటి చోట పని కళ్ల ముందుంటుంది. లోటల్లా, మనమిచ్చిన చిన్న మొత్తం దేనికి పనికొచ్చిందో విడిగా తెలియదు.

నా దృష్టిలో అసలు తేల్చేది ఆడిట్ రిపోర్టు. అందులో చూడాల్సింది మాత్రం అందరూ అడిగే లెక్క కాదు. ‘వందలో ఎంత జీతాలకి పోతుంది?’ అని అడుగుతారు. పిల్లల హోమ్‌లో వంటమనిషి, వార్డెన్, రాత్రి కాపలా ఉండే ఆయా, వీళ్ల జీతాలే సేవ. ముప్ఫైమంది పిల్లలున్న చోట జీతాల ఖర్చు దాదాపు సున్నా అంటే నాకు సంతోషం కాదు, భయం వేస్తుంది. ఆ పిల్లల్ని ఎవరు చూస్తున్నట్టు?

నేను వెతికేవి వేరు. ట్రస్టీల ఇంటివాళ్లకి అద్దెలు, జీతాలు పోతున్నాయా? విరాళాలు ఏటా ఖర్చు కాకుండా డిపాజిట్లలో పెరుగుతున్నాయా? పెరిగితే, ఎందుకో చెప్పగలరా? సేవ కంటే ప్రచారానికి ఎక్కువ పెడుతున్నారా? మూడేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుంటే అకౌంట్స్ చదవనివాళ్లకి కూడా ఇవి కనబడతాయి.

అడిగినప్పుడు వాళ్లు ఎలా స్పందిస్తారన్నది కూడా అంతే ముఖ్యం. ఒకచోట ‘మీరిచ్చేదానికి ఇన్ని ప్రశ్నలా’ అన్నారు. ఇంకోచోట అదే సాయంత్రం మూడేళ్లవీ వాట్సాప్‌లో పంపారు. పైగా పిల్లలతో కేక్ కోయించి ఫొటోలు తీయొద్దని ముందే చెప్పారు. ఇచ్చినవాళ్ల కోసం పిల్లల్ని వరసగా నిలబెట్టి దండం పెట్టించే చోట లెక్కలు ఎంత బాగున్నా నాకు ఇవ్వబుద్ధి కాదు. ఆ రెండో హోమ్‌కే నాన్న పేరు మీద ఇచ్చాను. వెళ్లి చూసే వీలు, అడిగే తీరిక ఉంటే లెక్క చూపించే చిన్న సంస్థకే నా ఓటు. అవి లేనివాళ్లకి పెద్ద సంస్థే మేలు.

గుడి అన్నదానం మొక్కులకీ నమ్మకానికీ సంబంధించింది, దాన్ని వీటితో పోల్చను. వాట్సాప్‌లో వచ్చే ఆపరేషన్ విజ్ఞప్తులకైతే, ఆసుపత్రికి ఫోన్ చేసి రోగి పేరు మీద అక్కడే కట్టగలిగితేనే ఇవ్వండి. స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరుందంటే సంస్థ నమోదైందని మాత్రమే అర్థం, బాగా పనిచేస్తోందని కాదు.

పన్ను మినహాయింపు కావాలంటే ఆ సంస్థకి 80జీ, అంటే ఇచ్చినవాళ్లకి మినహాయింపు వచ్చేలా ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు, ఉందో లేదో చూసుకోండి. రెండు వేలు దాటితే నగదుగా ఇవ్వకండి, మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఇది ఎలాగూ వర్తించదు.

అమెరికా నుంచి అడిగేవాళ్లకి ఒక మాట. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, మీరిచ్చేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతా ద్వారా దాన్ని తీసుకోవాలి. ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపేవాళ్లకి ఈ నిబంధన లేదు. ఊళ్లోని చిన్న హోమ్‌లకి ఆ అనుమతి లేకపోవచ్చు. డబ్బు పంపాక తెలిస్తే చిక్కు వాళ్లకే, కాబట్టి ముందే అడగండి.