డ్రమ్స్ లేకుండానే జాజ్ - టర్టిల్ ఐలాండ్ క్వార్టెట్ ఆల్బమ్

రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది), ఒక చెల్లో (ఇంకా పెద్దది, కింది స్వరాలకి), అంతే, డ్రమ్స్ లేవు పియానో లేదు, అయినా జాజ్ ఇరగదీస్తారు వీళ్ళు. 1985లో డేవిడ్ బాలకృష్ణన్ శాన్‌ఫ్రాన్సిస్కో వైపు మొదలెట్టిన గ్రూప్. 2007లో వచ్చిన 'ఎ లవ్ సుప్రీమ్' ఆల్బమ్ గురించే నేను చెప్పేది, జాన్ కోల్ట్రేన్ శాక్సోఫోన్ సంగీతాన్ని తీగల మీదకి దించారు, గ్రామీ కూడా వచ్చింది దీనికి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి, ఫోన్ స్పీకర్‌లో చెల్లో అస్సలు తెలీదు. చెల్లో వాయించే మార్క్ సమ్మర్ కమాను పక్కన పెట్టి వేళ్ళతో తీగలు మీటుతుంటే కింద ఎవరో బేస్ వాయిస్తున్నారనే అనుకుంటాం, ఇంక వయొలిన్ వాళ్ళు కమాను పట్టుకునే చోటికి దగ్గర్లోని భాగంతో తీగల మీద టక్ టక్‌మని కొడతారు, చాప్ అంటారు దాన్ని, డ్రమ్స్ పని అదే చేసేస్తుంది. మన కచేరీల్లో వయొలిన్ మీద అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు విన్నోళ్ళకి ఇది త్వరగానే ఎక్కుతుంది.

కాకపోతే శాక్సోఫోన్‌లో ఉండే ఆ గరుకు, ఆ ఊపిరి ఇందులో లేవు, కొన్నిచోట్ల మరీ నీట్‌గా ముందే రాసుకుని వాయించినట్టుంది. ఆల్బమ్ పేరుతోనే ఉన్న 'ఎ లవ్ సుప్రీమ్' సూట్ (భాగాలుగా సాగే ఒకే పెద్ద రచన) నాలుగు భాగాలూ వరసగా వినండి, షఫుల్ పెట్టారో మొత్తం పాడు. జాజ్ కొత్త అయితే ముందు ఇందులోనే ఉన్న 'నైమా' అనే ట్రాక్ పెట్టుకోండి. నా రేటింగ్ 4/5.