పత్తికొండ వైపు ఊళ్లవాళ్లకు జాగ్రత్త: "గవర్నమెంట్ ఇంటర్నెట్" అని అడ్వాన్సు అడిగితే కట్టొద్దు

పత్తికొండ, దేవనకొండ, తుగ్గలి మండలాల వాళ్లు ఇది తప్పకుండా చదవండి. మీ ఊరికి ఫైబర్ నెట్ తెస్తాం, ప్రభుత్వంతో అంతా మాట్లాడేశాం అంటూ ఒక కంపెనీ మనుషులు తిరుగుతున్నారు. ఇంటికి 1,500 అడ్వాన్సు. మా ఊళ్లో కట్టినవాళ్లలో నేనూ ఉన్నా. ఉగాదికి ముందు కట్టాం, దసరా కూడా పోయింది, ఊళ్లోకి ఒక్క మీటరు వైరు రాలేదు. ఫిర్యాదు పెడుతున్నాం కాబట్టి కంపెనీ పేరు ఇక్కడ రాయను, పద్ధతి మాత్రం చెప్తా. దాన్నిబట్టి మీరే గుర్తుపడతారు.

ముందు సర్పంచును, ఊరి పెద్దమనుషులను కలుస్తారు. తర్వాత సచివాలయం ముందే షామియానా వేసి మీటింగ్, అందరికీ టీ బిస్కెట్లు. ఫ్లెక్సీ మీద "భారత్‌నెట్" (పంచాయతీలకు ఇంటర్నెట్ లైను తెచ్చే కేంద్ర పథకం) అని ఇంత లావు అక్షరాలు, కంపెనీ పేరేమో కింద ఎక్కడో మూలన. మైకు పట్టుకున్నాయన "కలెక్టరేట్‌లో ఫైలు కదిలింది, కరెంటు స్తంభాల పర్మిషన్ మా చేతిలో ఉంది" అన్నాడు. 2017లో రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు మొదలైనప్పుడు కూడా వైరు స్తంభాల మీదుగానే వచ్చింది కదా, అందుకే స్తంభాల మాట ఎత్తగానే జనం ఇది కూడా అలాంటిదే అనుకున్నారు. పైగా సచివాలయం ముందు కూర్చోబెట్టి చెప్తుంటే ఇక ఎవరు అడుగుతారు?

అసలు కథంతా రసీదులో ఉంది. ముందు వైపు తెలుగులో "కొత్త కనెక్షన్ నమోదు" అని ఉంటుంది. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో, ఇది సర్వే, ప్రచార ఖర్చుల కింద తీసుకున్న రుసుము, అనుమతులు వచ్చాకే పని మొదలవుతుంది, డబ్బు తిరిగి ఇవ్వం అని రాసుంది. అంటే మనం కట్టింది కనెక్షన్‌కు కాదు, వాళ్ల మీటింగులకూ, వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగే ఖర్చులకూ. దరఖాస్తు అని చెప్పి పెట్టించుకున్న సంతకాలు ఏమయ్యాయో మండలాఫీసులో ఆరా తీస్తే, "గ్రామస్థుల కోరిక మేరకు ఫలానా కంపెనీకి స్తంభాలు వాడుకునే అనుమతి ఇప్పించండి" అన్న అర్జీ వెనక జతచేసి ఉన్నాయి. చేతిలో ఉందన్న పర్మిషన్‌ను మన సంతకాలతో, మన డబ్బుతో ఇప్పుడు అడుగుతున్నారన్నమాట!

కంపెనీలు అధికారులను కలవడం, ఊళ్లో మద్దతు అడగడం తప్పని నేననను. రోడ్డు తవ్వాలన్నా, స్తంభం మీద వైరు లాగాలన్నా అనుమతులు కావాల్సిందే, ఊరు గట్టిగా అడిగితేనే ఫైలు కదులుతుంది కూడా. అయితే ఆ పని ఖర్చు వాళ్లు పెట్టుకోవాలి, ఆ సంతకం దేనికో మనకు ముందే చెప్పాలి.

ఇంకో మాట, భారత్‌నెట్ కేంద్ర పథకం. 2023 ఆగస్టులో దాని కొత్త దశకు కేంద్ర మంత్రివర్గం 1,39,579 కోట్లు ఆమోదించింది. పంచాయతీ దాకా లైను తేవడానికి ఇంటింటికీ వసూలు చేసే పని అందులో లేదు. నెట్ ఇచ్చేవాళ్లెవరికైనా టెలికాం శాఖ లైసెన్సు ఉండాలి, లేదంటే లైసెన్సున్న కంపెనీ తరఫున పనిచేస్తున్నట్టు కాగితం ఉండాలి. అది చూపించమని అడగండి. మేము గట్టిగా అడిగితే మాకు చూపించింది జీఎస్టీ సర్టిఫికెట్! అది పత్తికొండలో ఇనప సామాన్ల షాపుకూ ఉంటుంది. స్తంభాల పర్మిషన్ ఉందంటే విద్యుత్ సంస్థ ఇచ్చిన లెటర్ నంబరు, తేదీ అడిగి, మీ లైన్‌మన్ అన్న ద్వారా సెక్షన్ ఏఈ (కరెంటు ఆఫీసు ఇంజనీరు) దగ్గర కనుక్కోండి. వైరు ఇంటికొచ్చి, ఫోన్‌లో నెట్ ఆడాక డబ్బులిస్తామనండి. నిజంగా పని చేసేవాడైతే ఒప్పుకుంటాడు, మా పక్క ఊళ్లో కేబుల్ అతను అలాగే ఇచ్చాడు.

ఇప్పటికే కట్టినవాళ్లు ఫోన్ చేసి అరిస్తే లాభం లేదు, "వచ్చే నెల" తప్ప వేరే జవాబు రాదు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొనుగోళ్ల కేసులకు ఫీజు లేదు. వచ్చే సోమవారం అర్జీల రోజున మా ఊరివాళ్లం కర్నూలు కలెక్టరేట్‌కు పోతున్నాం. మీ ఊళ్లో కూడా ఇలాగే జరిగి ఉంటే రసీదు రెండు వైపులా జిరాక్సు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తీసుకుని రండి.