వంజంగి మంచులో ఏ టార్చ్‌లైటు పనికొస్తుంది?

అల్లూరి జిల్లా పాడేరు దగ్గరున్న వంజంగి కొండ చూడాలంటే చీకట్లోనే ఎక్కాలి. తూర్పు ఎర్రబడేసరికి పైన ఉంటేనే, లోయ నిండా పాలు పోసినట్టు పరుచుకున్న మబ్బులు కనిపిస్తాయి. ఎండెక్కితే చెదిరిపోతాయి. అందుకే నవంబరు నుంచి జనవరి దాకా పాడేరులో దిగినవాళ్లు తెల్లవారుజామున మూడింటికే లేచి బయల్దేరతారు. నేను రెండు శీతాకాలాలు వెళ్లాను. మొదటిసారి దారి కనపడక భయపడ్డాను, రెండోసారి హాయిగా ఎక్కాను. కొండా అదే, మంచూ అంతే. మారింది చేతిలో లైటు.

మొదటిసారి విశాఖపట్నం నుంచి ఆర్టీసీ బస్సులో వెళ్లాం. చోడవరం, మాడుగుల దాటి ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 110 కిలోమీటర్లు. అక్క, బావ, మేనల్లుడు, నేను. పాడేరులో ఒక లాడ్జిలో దిగాం. గది చిన్నదే కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, బకెట్ వేణ్నీళ్లు అడగ్గానే ఇచ్చారు, మూడింటికి తలుపు తట్టి లేపారు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు లాడ్జే నయం అంటాను. ఇబ్బందల్లా జీపు దగ్గర. ముందురోజు సాయంత్రమే రేటు, ఎక్కడిదాకా తీసుకెళ్తారు, తిరిగి ఎన్నింటికి వస్తారు అన్నీ మాట్లాడుకోవాలి. మేం మాట్లాడుకోలేదు. అనుకున్నదానికంటే చాలా కిందే దింపేశారు.

అక్కణ్నుంచి నడక. నా దగ్గర 350 రూపాయలకు కొన్న జూమ్ టార్చ్ ఉంది. తల ముందుకు లాగితే వెలుగు సన్నటి గీతలా చాలా దూరం పోతుంది. ఇంటి మేడ మీద వేసి చూసినప్పుడు ఎదురు వీధి చివర వేపచెట్టు ఆకులు కనిపించాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. కొండ మీద మంచులోకి అడుగుపెట్టి వేస్తే ఎదురుగా తెల్లటి గోడ. అంతే. కాలి కింద రాయి ఉందో గుంత ఉందో తెలియదు. ఇంకా గట్టిగా వెలగాలని బటన్ నొక్కితే గోడ ఇంకా తెల్లబడింది. అక్క నా చొక్కా పట్టుకుని నడుస్తోంది. బావ తలకు కట్టుకున్న హెడ్‌ల్యాంప్‌దీ అదే గొడవ, కళ్ల పక్కనుంచే వెలుగు పోతోంది కదా.

వెనకనుంచి ఒక పెద్దాయన వచ్చారు. అక్కడి ఊరివాడే, పైన టీ అమ్మడానికి సామాను మోసుకెళ్తున్నారు. చేతిలో పాత రెండు బ్యాటరీల లైటు, దాన్ని మోకాలి దగ్గర వేలాడదీసి పట్టుకున్నారు. ఒక నిమిషం మమ్మల్ని చూసి, “లైటు కిందకి దించు బాబూ. మంచు మీద కొడితే ఏం కనపడుద్ది?” అన్నారు. దించాను. దారి కనిపించింది. రాళ్ల వెనక పొడుగ్గా నీడలు పడి ఏది ఎత్తు, ఏది పల్లం అనేది తెలిసింది. మంచులో ఉన్న నీటి తుంపరలు వెలుగును వెనక్కి కొడతాయి. లైటు కళ్లకు దగ్గరగా ఉంటే ఆ తెలుపంతా కళ్లలోకే వస్తుంది, కింద ఉంటే రాదు. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయనకు రోజూ నడిచి తెలుసు.

ఇంటికొచ్చాక మంచి టార్చ్ కోసం చాలా రోజులు వెతికాను. ముందు వదిలేయాల్సింది పెట్టె మీద రాసే పెద్ద పెద్ద అంకెల్ని. లక్ష ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే వెలుగుకు కొలత) అని రాస్తారు, అరచేతిలో ఇమిడే టార్చ్‌కి అది అబద్ధం. లోపల ఉండే, మళ్లీ ఛార్జ్ చేసుకునే 18650 రకం బ్యాటరీ మీద 9,900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని ఉన్నా అంతే. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవున్న ఆ సెల్‌లో మంచి కంపెనీలవాళ్లు ఎక్కించగలిగేది దాదాపు 3,500. పేరున్న టార్చ్‌ల పెట్టె మీద ఎఫ్ఎల్1 అనే గుర్తు చూడండి. ఒకే పద్ధతిలో కొలిచిన లెక్కలని అర్థం. అందులోనూ ఒక కిటుకుంది. ‘200 మీటర్లు’ అని రాస్తే అంత దూరంలో వెలుగు నిండు పౌర్ణమి వెన్నెలంత మాత్రమే ఉంటుందని. వెయ్యి ల్యూమెన్లు అన్నా, ఇంత చిన్న టార్చ్ వేడెక్కి కొద్ది నిమిషాల్లోనే తనంతట తనే తగ్గిపోతుంది. నడకకు కావాల్సింది 50 నుంచి 150 ల్యూమెన్లు. ఆ మధ్యలో ఎన్ని గంటలు నిలకడగా వెలుగుతుందో చూసి కొనాలి.

రెండోది రంగు. చవక లైట్లు నీలంగా, ట్యూబ్‌లైటు కంటే తెల్లగా ఉంటాయి. 4,000 నుంచి 5,000 కెల్విన్ (వెలుగు పసుపా, నీలమా అని చెప్పే కొలత) మధ్య, సీఆర్ఐ (రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నది తీసుకోండి అని గట్టిగా చెబుతాను. ఏజెన్సీ కొండల మీద ఎర్రమట్టి. తడిసినచోట జారుతుంది. నీలం వెలుగులో తడి మట్టి, పొడి మట్టి, బండరాయి అన్నీ బూడిద రంగే. మంచి వెలుగులో తడిసిన ఎర్రమట్టి ముదురుగా, మెరుస్తూ వేరుగా తెలుస్తుంది. కాలు ఎక్కడ వేయాలో అదే చెబుతుంది.

చివరికి 2,800 రూపాయలు పెట్టి అరచేతిలో ఇమిడే 18650 టార్చ్ తీసుకున్నాను. బ్యాటరీతో కలిపి 120 గ్రాములు. వెలుగు గీతలా కాకుండా వెడల్పుగా పరుచుకుంటుంది, ఐపీఎక్స్8 కాబట్టి తడికి భయం లేదు, టైప్‌-సీ ఛార్జింగ్. మేనల్లుడికి పెన్సిల్ బ్యాటరీతో పనిచేసేది కొన్నాను. వెలుగు తక్కువ, రెండు గంటలకు మించి ఆగదు. కానీ 18650 సెల్ పాడేరు కొట్లలో దొరకడం కష్టం, పెన్సిల్ బ్యాటరీ ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది. ఇద్దరు వెళ్తే ఇలా చెరో రకం ఉండటం మంచిది.

రెండోసారి కొండ కింద టెంట్లలో ఉన్నాం. కుర్రాళ్లకు బాగుంటుంది. రాత్రి చలిమంట, పొగలు కక్కే బొంగు చికెన్. కానీ తెల్లారేలోపు మంచు నీరై టెంటు లోపల బొట్లు బొట్లుగా కారింది, దుప్పటి ఒకటి సరిపోలేదు, బాత్రూమ్ దూరం. అర్ధరాత్రి లేవాల్సి వస్తే ఒక్క ల్యూమెన్ వెలుగు చాలు. పక్క టెంటువాళ్ల నిద్ర చెడదు, చీకటికి అలవాటుపడ్డ మన కళ్లూ చెదరవు. ఈ సన్న వెలుగు లేని టార్చ్ కొనొద్దు. వెనకభాగం బల్లపరుపుగా ఉంటే నేల మీద నిలబెట్టి పైకి వేయొచ్చు, టెంటంతా దీపం పెట్టినట్టు ఉంటుంది. మేనల్లుడు ఆ వెలుగులోనే సాక్సులు వెతుక్కున్నాడు.

ఇంకో సంగతి. సంచిలో దానంతట అది వెలిగి బ్యాటరీ అయిపోవడం, ఒక్కోసారి బట్టలు కాలడం కూడా జరుగుతుంది. అందుకని వెనక మూతను పావు మలుపు వదులు చేసి పెడతాను.

మూడున్నరకు బయల్దేరాం. టార్చ్‌ను చేతితాడుకు కట్టి నడుం కింద పట్టుకున్నాను. పక్కన కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు ఆకుపచ్చగానే కనిపించాయి. ఒక మలుపులో నలుగురు అమ్మాయిలు ఫోన్ లైట్లతో ఆగిపోయి ఉన్నారు. మేనల్లుడు నన్నడక్కుండానే “అక్కా, ఫోన్ కిందకి పట్టుకోండి” అని తన లైటుతో పక్కన నడిచాడు. ఫోన్‌తో ఎక్కొద్దు. చలికి ఛార్జింగ్ త్వరగా పడిపోతుంది, జారిపడితే లైటూ పోతుంది, ఇంటికి కబురు చెప్పే దారీ పోతుంది.

పైకి చేరేసరికి ఐదు దాటింది. పెద్దాయన పోయినసారి ఉన్నచోటే ఉన్నారు, గ్లాసుల్లో టీ పోస్తున్నారు. నా లైటు అడిగి తీసుకుని, నేల మీదకు వేసి, ఎర్రమట్టిని చూశారు. “ఇది బాగుంది బాబూ, మట్టి మట్టిలా కనపడతంది” అన్నారు. తూర్పున గీత పడుతోంది. లైట్లు ఆర్పేశాం.